అరుగుదలా, తరుగుదలా?

సందేహం: కార్బన్ నార కలిపిన నైలాన్‌తో త్రీడీ ప్రింటర్‌లో పళ్ళచక్రాలు చేసి పరీక్షించాం. కాలేజీ పత్రికకు రాసిన వ్యాసంలో 'అరుగుదల తగ్గింది' అన్నాను. అరుగుదలంటే తిన్నది అరగడం అనుకుంటారట. 'క్షయం' అనో 'తరుగుదల' అనో మార్చమన్నారు సంపాదకులు. ఏది ఒప్పు?
– ఒక ఇంజనీరింగ్ అధ్యాపకురాలు

సమాధానం: మీ మాటే ఉంచండమ్మా. క్షయం అనగానే జనానికి దగ్గు గుర్తొస్తుంది. సైన్సు పుస్తకాల్లో లోహక్షయం అంటే తుప్పు సంగతి. రాపిడి ఆ మాటలో ఎక్కడుంది?

అరుగు అనే క్రియలో ఉంది. తమిళంలో 'అరై', కన్నడంలో 'అరె' అంటే నూరడం. మన అరగదీయడం వాటి చుట్టమే అనిపిస్తుంది. కడుపులో అన్నం అరగడమూ ఒక నూరుడేగా! కావ్యాల్లో అరుగు అంటే వెళ్ళు. అది వేరే మాట కావచ్చు. అయినా 'కాళ్ళరిగేలా తిరిగాను' అన్నప్పుడు నడకా, రాపిడీ ఒకచోట కలుస్తాయి, చూశారా? ఇంటి ముందరి అరుగు జోలికి ఇప్పుడు పోను.

మా ఇంట్లో గంధం తీసే సాన ఉంది. ముత్తాతల నాటిది. ఎన్ని గంధపు చెక్కలు దాని మీద అరిగాయో లెక్కలేదు. కానీ సాన నడుమ కూడా వేలు ఆనేంత గుంట పడింది. రాయి కూడా అరిగింది! అరుగుదల ఒక్కదానిది కాదు, రాసుకునే జంటది. మీ ప్రింటర్‌లోనూ ఇదే కథ. జంతికల గొట్టంలో పిండి వత్తినట్టు, కరిగిన నైలాన్‌ను ఇత్తడి ముక్కులోంచి వత్తుతారు. అందులోని కార్బన్ నార ముక్కలు ఇత్తడిని గీకి, 0.4 మిల్లీమీటర్ల బెజ్జాన్ని పెద్దది చేస్తాయి. అందుకే గట్టిపరచిన ఉక్కు ముక్కు బిగిస్తారు. చక్రం తిరిగేటప్పుడు నార బరువు మోసినంతసేపూ అరుగుదల తగ్గుతుంది. నార ఊడి రెండు పళ్ళ మధ్య పడిందా, రెంటినీ గీకుతుంది.

మీరు పంపిన వ్యాసంలో 'బలం పెరిగింది కనుక అరుగుదల తగ్గింది' అన్నారు. ఆ 'కనుక' నాకు నచ్చలేదు. విరగడం వేరు, అరగడం వేరు. ప్రింటర్ ముక్కను పొర మీద పొరగా పేరుస్తుంది కదా. పొరల వెంట లాగితే నిలిచే ముక్క, పొరలు విడిపోయేలా లాగితే తక్కువ బరువుకే విరుగుతుంది. అరుగుదల సంగతి ఆ లెక్కతో తేలదు. ఇంకోటి, 'దారుఢ్యత', 'కాఠిన్యత' ఏమిటి? దారుఢ్యం, కాఠిన్యం అంటే చాలదూ? టోపీ మీద టోపీ దేనికి? 'సమ్మేళనం' కూడా తీసేయండి, కెమిస్ట్రీలో దాని అర్థం వేరు. ఇలా నార కలిపి గట్టిపరచిన పదార్థాన్ని కాంపోజిట్ అనే రాయండి. మట్టిలో వరిగడ్డి తొక్కి గోడ పెట్టిన వాళ్ళం, ఆ వస్తువు మనకు కొత్త కాదు.

తరుగుదల అకౌంట్ల వాళ్ళది. అయితే తరుగు మంచి మాట. బంగారం కొట్లోనూ, ధాన్యం కాటా దగ్గరా రోజూ వినేదే. పరీక్షకు ముందూ తరవాతా ముక్కను తూచారుగా, ఆ తేడా తరుగు. అరిగింది కాబట్టి తరిగింది. పట్టికలో తరుగు అనీ, వ్యాసంలో అరుగుదల అనీ రాయవచ్చుననుకుంటాను. 'అరుగుదల రేటు'లో రేటును మాత్రం వేగం చేయకండి. మీ లెక్క గంటకు కాదు, జారిన దూరానికీ మోపిన బరువుకూ కదా. పైగా జారే వేగం ఒకటి పక్కనే ఉంది. రేటుకు మంచి తెలుగుమాట దొరికేదాకా అదే ఉండనీయండి.