కుక్కపిల్ల కరుస్తోందని కొట్టకు తల్లీ

చిన్నీ,

రాత్రి నువ్వు ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. చేతులనిండా గాట్లు, చున్నీలన్నీ చిల్లులు, కుక్కపిల్లని ఎవరికైనా ఇచ్చేద్దామా పెద్దమ్మా అన్నావు. ఇవ్వకు. బ్రూనోకి ఇంకా మూడు నెలలేగా!

ముందు ఆ గాట్ల సంగతి. పన్ను దిగి చర్మం చిట్లితే, కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు డాక్టర్‌కి చూపించుకో. ఆడుకుంటూ గీరిందిలే అని వదిలేయకు. దానికి రేబిస్ టీకా ఇంకా వేయించలేదన్నావు, మూడు నెలలు నిండాయి కాబట్టి ఈ వారమే తీసుకెళ్లు.

ఇక కరవడం. దానికి మనలాగా చేతులు లేవు, ఏది పట్టుకోవాలన్నా నోటితోనే. పైగా ఇప్పుడు పాలపళ్లు ఊడే కాలం. ఆ 28 పోయి 42 గట్టి పళ్లు వచ్చేసరికి ఆరేడు నెలలు నిండుతాయి. అప్పటిదాకా చిగుళ్లు సలుపుతూనే ఉంటాయి. పాత టవల్ ముక్క తడిపి, గట్టిగా ముడివేసి, ఫ్రీజర్‌లో పెట్టి ఇవ్వు. రెండు కాళ్ల మధ్య పట్టుకుని, కళ్లు సగం మూసి ఎంత హాయిగా నములుతుందో చూడు. దారాలు మింగకుండా పక్కనే కూర్చో.

నీ చెయ్యి పట్టుకున్నప్పుడు మాత్రం లాక్కోకు. లాగితే దానికి అది ఆట. చెయ్యి కదపకుండా ఉంచు, వదలగానే ఏమీ అనకుండా లేచి పక్క గదిలోకి వెళ్లి తలుపేసుకో. అర నిమిషం చాలు. తిరిగొచ్చి బొమ్మ ఇవ్వు. రోజుకి ఇరవై సార్లు లేవాల్సొస్తుంది, లే. నువ్వు లేచి వెళ్తుంటే పిల్లలు కేకలేస్తూ పరిగెత్తారంటే మళ్లీ మొదటికొస్తుంది. ఇంట్లో అందరూ ఒకేలా చేయాలి.

సాయంత్రమైతే పిచ్చెక్కినట్టు తిరుగుతుందన్నావు కదా, అది నిద్ర చాలకే. ఈ వయసులో రోజుకి పద్దెనిమిది గంటల దాకా పడుకుంటాయి. పిల్లలు స్కూల్ నుంచి రాగానే ఎత్తుకుని తిప్పుతుంటే దానికి నిద్రెక్కడిది? ఆరింటికల్లా ఒక మూల పక్క వేసి లైటు తీసేయండి.

కొట్టడం మాత్రం వద్దమ్మా. మా కుక్క రాజుని చిన్నప్పుడు నేను పేపర్ చుట్టి కొట్టాను. కరవడం మానేసింది నిజమే. కానీ ఆ తర్వాత తల నిమురుదామని చెయ్యెత్తినా నేలకి అతుక్కుపోయి కళ్లు మూసుకునేది. పదేళ్లు బతికింది. ఆ భయం పోలేదు. ఇప్పటికీ తలుచుకుంటే నా చేతిమీద నాకే కోపం వస్తుంది.

హాల్లో ఉచ్చ పోస్తే ముక్కు అందులో రుద్దడం కూడా అలాంటిదే, దానికేమీ అర్థం కాదు. నిద్ర లేవగానే, తినగానే, ఆట ఆపగానే ఒకే చోటికి తీసుకెళ్లు. పని కాగానే అక్కడే ఉడికించిన చికెన్ ముక్క చిన్నది పెట్టు, ఇంటికొచ్చాక కాదు. ఫినాయిల్ వద్దు, పాదాలు నాకితే ప్రమాదం, ఉచ్చ వాసన కూడా పూర్తిగా పోదు. పెట్ షాపులో ఎంజైమ్ క్లీనర్ అని అడుగు.

మీ మావయ్యగారు కంచంలోంచి ముద్దలు వేస్తున్నారని చెప్పలేక టెన్షన్ పడుతున్నావు. ఆయనకి ప్రేమ ఎక్కువ, వద్దంటే బాధపడతారు. దాని గిన్నె ఆయన చేతికే ఇవ్వు. "మీరు భోంచేశాక మీరే పెట్టండి మావయ్యగారూ, ఉల్లిపాయ ఉన్నది మాత్రం దానికి పడదు" అను. రేపటి నుంచి ఆయన కంచం దగ్గర కాదు, గిన్నె దగ్గర ఎదురుచూస్తుంది.

పెద్దమ్మ