సమాధానం: నిన్న వచ్చింది, ఇవాళ మరిచిపోయారు

మాస్టారూ, నిన్న బోర్డు మీద చక్కగా చేసిన తొమ్మిదో తరగతి పిల్లలే ఇవాళ స్లిప్ టెస్టులో ఎ ప్లస్ బి హోల్ స్క్వేర్ అంటే ఎ స్క్వేర్ ప్లస్ బి స్క్వేర్ అని రాశారని బాధపడ్డారు. నేనూ శ్రీకాకుళం జిల్లాలో ఇదే పాఠం చెబుతున్నాను. అలాంటి రోజు సాయంత్రం ప్రాణం ఉసూరుమంటుంది. మీ బోధనలో లోపం అనుకోకండి. వాళ్లు సూత్రాన్ని వల్లించారు, చూడలేదు.

రేపు వాళ్లని గ్రౌండ్‌లోకి తీసుకెళ్లండి. మా పిల్లలకు వరి మడి తెలుసు కాబట్టి నేను మడితోనే మొదలుపెడతాను. ముగ్గుపిండితో 10 అడుగుల చదరపు మడి గీయించండి. పొడవూ వెడల్పూ రెండూ 3 అడుగుల చొప్పున పెంచమనండి. మొత్తం 13 పదమూళ్లు 169. వాళ్లు రాసిన పద్ధతిలో 100, 9 కలిపితే 109. మిగతా 60 ఎక్కడుందో మీరు చెప్పకండి, వాళ్లనే వెతకనివ్వండి. పక్కనున్న రెండు పొడుగు ముక్కల్లో నిలబడి, ఒక్కోటీ 30 అని వాళ్లే అరుస్తారు. ఎ 10, బి 3 అనుకుంటే, వాళ్లు రాయకుండా వదిలేసిన టూ ఎ బి అంటే అదే. ఆ అరుపు కోసం పీరియడ్ మొత్తం పోయినా ఫర్వాలేదు.

మళ్లీ మరిచిపోకుండా, మర్నాడు కొత్త పాఠానికి ముందు ఇదే సూత్రం మీద ఒక్క లెక్క, మూడు రోజులకి ఒకటి, వారానికి ఇంకొకటి ఇవ్వండి. మార్కులు వేయొద్దు, టెన్షన్ పెరుగుతుంది. ఊడుపులకో పండక్కో మానేసిన పిల్లలకు మాత్రం, వచ్చినవాళ్ల చేత బొమ్మ గీయించి చెప్పించండి.