పూర్తి మత్తులో పీడకలలు వస్తాయా? మధ్యలో మెలకువ వస్తే ఎలా?

ప్రశ్న: నా వయసు 38, బరువు 60 కిలోలు. పిత్తాశయంలో రాళ్లున్నాయి, లాప్రోస్కోపీ చేసి తీసేయాలన్నారు. వచ్చే వారమే ఆపరేషన్. కోతకు భయపడటం లేదు గానీ మత్తంటేనే వణుకు. మూడేళ్ల క్రితం మా ఆడపడుచుకు చెయ్యి విరిగితే మత్తిచ్చి ఎముక సరిచేశారు. ఆ కాసేపట్లోనే తాను పైకప్పు దగ్గర తేలుతున్నట్టు, కింద తన ఒళ్లు తనకే కనిపించినట్టు, గోడలు దగ్గరకొచ్చి నొక్కేస్తున్నట్టు అనిపించిందట. లేచాక గంటసేపు ఏడ్చింది. నాకు మామూలుగానే కలలు ఎక్కువ. నాకూ అలాగే అవుతుందా? మధ్యలో మెలకువ వస్తే?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీ ఆడపడుచు రికార్డు చూడకుండా ఖాయంగా చెప్పలేం గానీ, మీరు రాసిన ఆమె లక్షణాలన్నీ కెటమిన్ అనే మందువైపే చూపిస్తున్నాయి. ఎముక సరిచేయడం, కాలిన గాయాలకు కట్లు మార్చడం వంటి చిన్న పనులకు దీన్ని ఎక్కువగా వాడతారు. సాధారణంగా ఊపిరి ఆగనివ్వదు, బీపీ పడిపోనివ్వదు, నొప్పీ తెలియనివ్వదు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో అది 1985 నుంచీ ఉంది. కానీ మిగతా మత్తుమందులు మెదడును మొత్తంగా నిద్రపుచ్చితే, ఇది ఒంటికీ మెదడుకూ మధ్య లంకె తెంపుతుంది. రోగి కళ్లు తెరుచుకునే ఉంటాయి, గుడ్లు అటూ ఇటూ కదులుతుంటాయి. పక్కనున్నవాళ్లు మెలకువగా ఉందేమో అనుకుంటారు. బయటి కబుర్లు చేరీ చేరనట్టుండే ఆ పది పదిహేను నిమిషాల్లో, ఆ తర్వాత తేరుకునేటప్పుడు, మెదడు తన సొంత బొమ్మలతో ఖాళీ నింపుకుంటుంది. తేలిపోవడం, ఒంటిని బయటి నుంచి చూడటం, సొరంగంలో పోతున్నట్టుండటం అలా వచ్చేవే. ఇది దెయ్యమూ కాదు, పిచ్చికి మొదలూ కాదు. పిల్లల్లో తక్కువ, పెద్దవాళ్లలో ఎక్కువ. ఆందోళన తగ్గించే మిడజోలమ్ అనే మందును ఒకటి రెండు మిల్లీగ్రాములు తోడిస్తే చాలావరకు తగ్గుతుంది. తేరుకునేటప్పుడు గది ప్రశాంతంగా ఉండటమూ అంతే ముఖ్యం. నలుగురు చుట్టాలు మూగి చెంపలు తట్టి లేపబోతే ఆ బొమ్మలు మరింత భయంకరమవుతాయి.

మీ ఆపరేషన్‌కు ఇచ్చే మత్తు వేరు. మామూలుగా జరిగేది ఇది: వేలికి క్లిప్పు, ఛాతీకి స్టిక్కర్లు పెడతారు. మూతికి మాస్కు పెట్టి మూడు నిమిషాలు ఆక్సిజన్ ఇస్తారు, కాస్త ప్లాస్టిక్ వాసన వస్తుంది. చేతికి పెట్టిన సెలైన్ సూదిలోంచి ముందు ఫెంటానిల్ అనే నొప్పి మందు వెళ్తుంది, తల బరువెక్కుతుంది. తర్వాత పాలలా తెల్లగా ఉండే, నిద్రపుచ్చే మందు ప్రొపొఫాల్. కిలోకు 2 మిల్లీగ్రాముల లెక్కన మీకు సుమారు 120 మిల్లీగ్రాములు, అంటే 12 మిల్లీలీటర్లు. అది ఎక్కేటప్పుడు చెయ్యి మోచేతి దాకా మండొచ్చు. ముందే చెబుతున్నాను, ఆ మంటకు కంగారుపడకండి. తగ్గించడానికి లిగ్నోకెయిన్ అనే తిమ్మిరి మందు కలుపుతారు. పైనున్న లైటు మసకబారుతుంది, మాటలు దూరమవుతాయి, అర నిమిషంలో అంతా అయిపోతుంది. గొంతులో గొట్టం వేయడం, కండరాలు సడలించే మందు ఇవ్వడం ఆ తర్వాతే. ఆపరేషన్ సాగినంతసేపూ మత్తు వాయువు ఊపిరితోపాటు వెళ్తూనే ఉంటుంది.

మత్తులో మెదడు మామూలు నిద్రలో ఉండదు, జ్ఞాపకాలు నమోదు చేసుకోదు. అయినా కలలు వస్తాయి. లేచిన వెంటనే అడిగితే సుమారు ఐదుగురిలో ఒకరు కల వచ్చిందంటారు, మర్నాడు అడిగితే ఇంకా తక్కువమంది. ఇవి ఎక్కువగా మందు తగ్గుతున్న చివరి నిమిషాల్లో, మెదడు మామూలు నిద్ర దశలను తాకుతూ పైకి వస్తున్నప్పుడు వచ్చేవి. చిన్నవి, ఇల్లూ పిల్లలూ పనీ చుట్టూ తిరిగేవి, ఎక్కువ భాగం హాయిగానే ఉంటాయి. చిన్న వయసువారికి, ప్రొపొఫాల్ తీసుకున్నవారికి, ఇంట్లోనూ కలలు గుర్తుండేవారికి ఎక్కువ. కాబట్టి మీకు ఒక కల రావొచ్చు. అంతమాత్రాన మత్తు చాలలేదని కాదు. పక్కనున్న నర్సు మాట ఒకటి ఆ కలలోకి దూరడమూ మామూలే.

మెలకువ సంగతి వేరు, దాన్ని తేలిగ్గా తీసేయను. కండరాల మందు వల్ల కదల్లేక, మాటలు వినిపిస్తూ, కొందరికి నొప్పీ తెలుస్తూ ఉండిపోవడం నిజంగా జరిగేదే, చాలా అరుదుగా. బ్రిటన్, ఐర్లండ్‌లలో జరిపి 2014లో వెలువరించిన జాతీయ పరిశీలనలో 19,000 మత్తులకు ఒకరు తమంతట తామే వచ్చి చెప్పారు. పనిగట్టుకుని ఒకటికి రెండుసార్లు అడిగే అధ్యయనాల్లో వెయ్యికి ఒకరిద్దరు తేలారు. సగానికి పైగా ఆపరేషన్ నడిమధ్యలో కాదు, మత్తు ఎక్కేటప్పుడో దిగేటప్పుడో. గొట్టం వేయడం ఆలస్యమై, మొదటి ఇంజెక్షన్ పలచబడిపోయి, వాయువు ఇంకా అందకపోవడం ఒక కారణం. వాయువు పాత్ర ఖాళీ కావడం, మందు వెళ్లే సూది నరంలోంచి జారిపోవడం, కండరాల మందు పూర్తిగా విరగకముందే మత్తు దిగడం మిగతావి. పూర్తి మత్తుతో చేసే అత్యవసర సిజేరియన్‌లో, బాగా రక్తం పోయినవారిలో ముప్పు ఎక్కువ, ఎందుకంటే అక్కడ మందు తక్కువతో సరిపెట్టాల్సి వస్తుంది. ముందే నిర్ణయించిన మీ ఆపరేషన్‌కు ఆ ఇబ్బంది లేదు. మీరు వదిలే ఊపిరిలో వాయువు శాతం ఎంతో మానిటర్‌పై కనిపిస్తూ ఉంటుంది, తగ్గితే అలారం మోగుతుంది. కొన్నిచోట్ల నుదుటిపై పట్టీ అంటించి మెదడు తరంగాలనూ చూస్తారు. మత్తు ఎంత లోతుగా ఉందో ఆ యంత్రం ఒక అంకెలో చూపిస్తుంది, దాన్ని 40 నుంచి 60 మధ్య ఉంచుతారు.

ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టర్ చేసే పరీక్షకు వెళ్లినప్పుడు బీపీ, షుగర్ చెప్పి లేచి వచ్చేయకండి. మీ భయం ఆయనకు సూటిగా చెప్పండి. ‘నాకు కెటమిన్ ఇస్తారా?’ అని అడగండి. నొప్పి కోసం తక్కువ మోతాదులో కలిపినా, ప్రొపొఫాల్, వాయువు ఉన్నప్పుడు ఆ బొమ్మల బెడద బాగా తక్కువ. నిద్రమాత్రలు, మానసిక సమస్యలకు మందులు, మద్యం, గంజాయి ఏది ఉన్నా దాచొద్దు. వీటివల్ల మందు మోతాదు మారుతుంది, లేచాక గందరగోళమూ పెరుగుతుంది. రోజూ వేసుకునే మాత్రలు సొంతంగా మాత్రం మానకండి. మత్తులో ఇంటి గుట్టు వాగేస్తామేమోనని కూడా కొందరు మొహమాటంగా అడుగుతుంటారు. గొంతులో గొట్టం ఉండగా మాట రాదు. లేచేటప్పుడు అన్న ఒకటి రెండు ముద్దమాటలను థియేటర్లో ఎవరూ పట్టించుకోరు.

రికవరీ గదిలోకి రానిస్తే మీవారిని ఒక్కరినే రమ్మనండి. చెయ్యి పట్టుకుని ‘ఆపరేషన్ అయిపోయింది, ఆస్పత్రిలోనే ఉన్నావు’ అంటే చాలు. మర్నాడైనా, వారం తర్వాతైనా థియేటర్లోని మాటలో, నొప్పో, కదల్లేకపోవడమో గుర్తొస్తే ‘నా భ్రమేలే’ అని ఊరుకోకండి. మత్తు డాక్టర్‌కు చెప్పి కేసు షీట్‌లో రాయించండి. అది గుర్తొచ్చి నిద్ర పట్టకపోతే మానసిక నిపుణుల దగ్గర మంచి చికిత్స ఉంది.

ఇంట్లో 65 దాటినవాళ్లుంటే ఇదీ గుర్తుంచుకోండి: ఆపరేషన్ అయిన రెండో రోజో మూడో రోజో, సాయంత్రం కాగానే గోడమీద పురుగులు పాకుతున్నాయంటే అది కల కాదు, డెలీరియం, అంటే ఉన్నట్టుండి వచ్చే మతి గందరగోళం. ఇన్ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గడం, నిద్ర లేకపోవడం, మూత్రం బిగుసుకోవడం దీనికి కారణాలు. వెంటనే డాక్టర్‌ను పిలవండి. కళ్లజోడు, వినికిడి యంత్రం తిరిగి పెట్టేయండి.

మీ ఆడపడుచును ఆ ఆస్పత్రి నుంచి డిశ్చార్జి సమ్మరీతోపాటు మత్తు రికార్డు నకలు తెచ్చుకోమనండి. అందులో కెటమిన్ అని ఉంటే, ఈసారి ఎప్పుడు ఏ మత్తు తీసుకోవాల్సి వచ్చినా ఆ కాగితం ముందు డాక్టర్ చేతికివ్వాలి.