తెరవెనుక సంగతులు రాయబోయే నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

టీవీ కార్యక్రమాల తెరవెనుక విశేషాలు రాస్తానన్నావు, సంతోషం. "మీకు తెలుసా?" అని మొదలుపెట్టి ఒక్క వాక్యంలో ముగిస్తే చదివినవాళ్లు "అవునా" అనుకుని మరిచిపోతారు. అలా ఎందుకు చేయాల్సి వచ్చిందో చెప్పు. తవ్వితే చాలాసార్లు డబ్బో, గడువో, ఎవరి ఆరోగ్యమో అడ్డుపడిన సంగతి బయటపడుతుంది.

1966లో మొదలైన 'స్టార్ ట్రెక్'లో మనుషులు మెరుస్తూ మాయమై వేరే గ్రహం మీద ప్రత్యక్షమవుతారు. వారం వారం అంతరిక్ష నౌకను నేల మీద దించి చూపే ఖర్చు భరించలేక ఆ ఉపాయం పన్నారు. ఎలా తీశారో కూడా రాయి: నల్లటి తెర ముందు, వెనుక నుంచి వెలుగు పడేలా అల్యూమినియం పొడి రాల్చి, తలకిందులుగా పెట్టిన కెమెరాతో స్లో మోషన్‌లో తీశారు. అలాగే బ్రిటిష్ ధారావాహిక 'డాక్టర్ హూ'లో టార్డిస్ అనే కాలయాన నౌక శబ్దం. 1963లో శబ్ద నిపుణుడు బ్రయాన్ హాడ్జ్‌సన్ పియానో మంద్రస్థాయి తీగల మీద ఇంటి తాళంచెవితో గీకి, ఆ టేపు వేగాన్ని మార్చి తయారుచేశాడు. "వింత పరికరంతో" అని రాశావా, విశేషం అక్కడే చచ్చిపోతుంది. తాళంచెవి అనే రాయాలి.

1951 నాటి హాస్య ధారావాహిక 'ఐ లవ్ లూసీ' మీద మాత్రం కాస్త ఎక్కువసేపు కూర్చో. అప్పట్లో అమెరికాలో చాలా కార్యక్రమాలు న్యూయార్క్ నుంచి ప్రత్యక్షంగా వెళ్లేవి. దూరప్రాంతాలకు టీవీ తెరను ఫిల్ము మీదికి ఎక్కించిన మసక ప్రతులే అందేవి. అందులో నటించిన లూసిల్ బాల్, డెసి ఆర్నాజ్ దంపతులు పడమటి తీరంలోని హాలీవుడ్ వదిలి వెళ్లబోమని అన్నారు. స్పాన్సరేమో తూర్పు ప్రాంతం వాళ్లకు మసక బొమ్మ వద్దన్నాడు. దాంతో ప్రేక్షకుల ఎదుటే మూడు 35 ఎంఎం కెమెరాలతో ఒకేసారి తీశారు. షాటు షాటుకూ లైట్లు మార్చే పని లేకుండా ఛాయాగ్రాహకుడు కార్ల్ ఫ్రాయిండ్ పైనుంచి సమంగా వెలుగు పరిచాడు. పెరిగిన ఖర్చుకు ఆ దంపతులు పారితోషికం తగ్గించుకుని, బదులుగా ఫిల్ముల హక్కులు తీసుకున్నారు. పునఃప్రసారాల్లో ఆ హక్కులే బంగారమయ్యాయి. ఇక్కడ "మొట్టమొదటిసారి" అని రాసే ప్రమాదం ఉంది, జాగ్రత్త. ప్రేక్షకుల ముందు ఒకటికి మించి ఫిల్ము కెమెరాలు వాడటం అంతకుముందే జరిగింది. ఆ పద్ధతికి పేరు తెచ్చింది 'లూసీ' అని రాస్తే చాలు.

పొరపాట్లు ఎక్కువగా కారణం దగ్గరే దొర్లుతాయి. 'బ్రేకింగ్ బ్యాడ్' ధారావాహికలో జెస్సీ అనే పాత్రను మొదటి సీజన్లోనే చంపాలనుకున్న మాట నిజం. హాలీవుడ్ రచయితల సమ్మె వల్ల బతికాడని ఎన్నోచోట్ల కనిపిస్తుంది. కానీ ఆ పాత్ర వేసిన ఆరన్ పాల్ నటన చూసి రెండో ఎపిసోడ్ నాటికే ఆ ఆలోచన మానుకున్నానని సృష్టికర్త విన్స్ గిలిగనే చెప్పాడు. పది చోట్ల ఒకే వాక్యం ఉంటే పది ఆధారాలున్నట్టు కాదు, అందరూ ఒకరి నుంచే ఎత్తి ఉండొచ్చు. ఆ పని స్వయంగా చేసినవాళ్ల మాట వెతుకు. చిత్రీకరణ రోజులకు దగ్గరగా చెప్పిందైతే మరీ మంచిది. ఏళ్లు గడిచేకొద్దీ చెప్పేవాళ్ల జ్ఞాపకానికీ మెరుగులు పడతాయి. సీజన్, ఎపిసోడ్ సంఖ్య, తేదీ పక్కనే రాసుకో. చిత్రీకరణ తేదీనీ ప్రసార తేదీనీ కలిపేయకు.

దొరికినంతవరకు చూసి రాయి. 1972లో మొదలైన, యుద్ధకాలపు సైనిక ఆసుపత్రి మీద తీసిన హాస్య ధారావాహిక 'మాష్'కు నవ్వుల ట్రాక్ (ముందే రికార్డు చేసి కలిపే ప్రేక్షకుల నవ్వులు) వద్దని నిర్మాతలన్నారు, కావాలని ఛానెల్ పట్టుబట్టింది. చివరికి ఆపరేషన్ గది సన్నివేశాల్లో నవ్వులుండకూడదన్న ఒప్పందానికి వచ్చారు. డీవీడీల్లో ఆ నవ్వులు ఆపేసే వీలుంది. ఒకే ఎపిసోడ్‌ను రెండు రకాలుగా చూసి, ఏ మాట దగ్గర నీకు తేడా తెలిసిందో అక్కడి నుంచి పేరా మొదలుపెట్టు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి