"హత్య చేసిన నిందితుడు" అనవచ్చా?

సందేహం: మా దగ్గర జరిగిన ఒక దారుణం గురించి వాట్సాప్ గ్రూపులో రాస్తూ, పట్టుబడిన వ్యక్తిని "నిందితుడు" అన్నాను. "ఇంకా నిందితుడేంటి మాస్టారూ, నేరస్థుడని రాయండి" అంటూ అందరూ నా మీద పడ్డారు. పేపర్లలో చూస్తే ఒకే మనిషిని నిందితుడు, ముద్దాయి, నేరస్థుడు, దోషి అని రకరకాలుగా రాస్తున్నారు. "హత్య చేసిన నిందితుడి అరెస్టు" అనే శీర్షిక కూడా కనిపించింది. ఇవన్నీ ఒకటేనా? నేను రాసింది తప్పా? (నల్లగొండ జిల్లా నుంచి ఒక పాఠకుడు)

సమాధానం: మీరు రాసింది తప్పు కాదు. ఆ గ్రూపులో సరైన మాట రాసింది మీరే. ఆ నాలుగు మాటలూ ఒకదాని చోట ఇంకొకటి పెట్టుకోదగ్గ పర్యాయపదాలు కావు.

నిందితుడు అంటే నింద పడినవాడు. ఆ నింద నిజమో కాదో ఈ మాట చెప్పదు. అసలు నింద అనగానే మనకు ముందు గుర్తొచ్చేది నీలాపనింద. ఏటా వినాయక చవితినాడు చేతిలో అక్షతలు పట్టుకుని వినే కథే. శమంతకమణిని కృష్ణుడు అడిగాడు, సత్రాజిత్తు ఇవ్వలేదు. ఆ మణి వేసుకుని వేటకు వెళ్ళిన తమ్ముడు ప్రసేనుడు తిరిగి రాలేదు. ఇంకెవరు చేస్తారు, కృష్ణుడే చంపి ఉంటాడు అన్నారు. చూసినవాళ్ళు లేరు, సాక్ష్యం లేదు, మాట మాత్రం ఊరంతా పాకింది. చివరికి నింద పడినవాడే అడవిలో జాడలు వెతుక్కుంటూ వెళ్ళి, జాంబవంతుడితో 28 రోజులు పోరాడి, మణి తెచ్చి చూపించుకోవలసి వచ్చింది. కృష్ణుడు కాబట్టి చేయగలిగాడు. లాకప్పులో ఉన్న లారీ క్లీనరుకు అది సాధ్యమా? అందుకే మన చట్టం రుజువు చేసే బరువును నేరం మోపినవాళ్ళ మీద పెట్టింది. "నిందితుడు" అన్న మాట ఆ బరువు ఇంకా దిగలేదని చెబుతుంది.

ముద్దాయి కథ వేరు. అది అరబ్బీ నుంచి పారసీ, ఉర్దూల మీదుగా మనకు వచ్చిన కోర్టు మాట. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు, అంటే వాది. ప్రతివాదిని ముద్దాఅలైహ్ అంటారు. తెలుగులోకి వచ్చేసరికి అర్థం పూర్తిగా తిరగబడి, ముద్దాయి అంటే బోనులో నిలబడినవాడయ్యాడు. ముద్దాఅలైహ్ అన్న పొడవాటి మాట తోక తెగి ముద్దాయి అయిందేమోనని నా ఊహ. ఉర్దూ బాగా వచ్చిన హైదరాబాదీ మిత్రుడి దగ్గర ఈ మాట వాడేటప్పుడు కాస్త చూసుకోండి, ఫిర్యాదు చేసినవాడిని అంటున్నారనుకుంటాడు. మన వాడుకలో మాత్రం కోర్టులో విచారణ ఎదుర్కొంటున్న మనిషి ముద్దాయి. అతనికీ ఇంకా శిక్ష పడలేదు.

దోషి అన్న మాట తీర్పు తర్వాతే పుడుతుంది. నేరస్థుడూ అంతే. (కొందరు నేరస్తుడు అని రాస్తారు. గ్రామస్థుడు, గృహస్థుడు లాగా దీన్ని కూడా థ వత్తుతో రాయడమే మంచిది.) కోర్టు నేరం రుజువైందని చెప్పకముందు ఈ రెండూ వాడితే, న్యాయమూర్తి కుర్చీలో మనం కూర్చున్నట్టే.

ఇక మీరు చూసిన శీర్షిక. నన్ను ఎక్కువగా బాధపెట్టేది అదే. అందులో "నిందితుడు" సరైన మాటే, దాని ముందున్న "చేసిన" దాన్ని చంపేసింది. తెలుగులో "చేసిన", "చంపిన", "దోచుకున్న" లాంటి విశేషణాలు జరిగిపోయిన సంగతిని చెబుతాయి. "అతను హత్య చేశాడు" అంటే వినేవాడు "నిజమా? ఎలా తెలుసు?" అని అడగవచ్చు. "హత్య చేసిన వ్యక్తి ఎక్కడున్నాడు?" అంటే ఇక ఆ ప్రశ్నకు చోటుండదు. ఆరోపణ విశేషణంలో దూరి నిజంగా మారిపోతుంది. "హత్య కేసులో నిందితుడు" అనో, "హత్య చేశాడన్న ఆరోపణపై అరెస్టయిన వ్యక్తి" అనో రాస్తే ఈ దోషం ఉండదు. శీర్షికకు చోటు చాలదంటారు. "హత్య కేసు నిందితుడి అరెస్టు" అనడానికి ఎంత చోటు కావాలి?

మన భాషకు ఈ తేడా తెలియక కాదు. అక్షరం రాని పెద్దమ్మ కూడా తన కంటితో చూడనిదాన్ని "చేశాడంట" అనే చెబుతుంది. చూసిందైతే "చేశాడు" అంటుంది. వినికిడిని, చూపును ఒక్క ప్రత్యయంతో విడదీసే భాష మనది. "అట", "అంట" రాతకు పనికిరావని పత్రికల నుంచి తోసేశాం, సరే. వాటి పని చేసే "అని పోలీసులు చెప్పారు" అన్న తోకనైనా ఉంచాలి కదా. కోపం పెరిగిన రోజున ముందు రాలిపోయేది ఆ తోకే. "నేరం ఒప్పుకున్నాడు" అన్న వాక్యమూ ఇలాంటిదే. పోలీసు అధికారి ముందు చేసిన ఒప్పుకోలు నిందితుడి మీద సాక్ష్యంగా చెల్లదని 1872 నాటి సాక్ష్య చట్టం 25వ సెక్షన్ చెప్పింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో కూడా అదే నియమం 23వ సెక్షన్లో ఉంది. కోర్టు చెవిన పెట్టని మాటను మనం మాత్రం పతాక శీర్షికలో చదువుతాం.

కోపం తప్పని నేను అనడం లేదు. 2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర ఒక యువ పశువైద్యురాలిపై జరిగిన అత్యాచారం, హత్య గురించి విన్నప్పుడు కోపం రాకపోతే మనం మనుషులమే కాదు. ఆ వారం మా ఇంట్లోనూ ఎవరికీ అన్నం సహించలేదు. కానీ ఆ వారంలో మాటలు ఎలా జారిపోయాయో చూడండి. నలుగురిని అరెస్టు చేసిన మరునాటికే "నిందితులు" పోయి "మృగాళ్ళు" వచ్చారు. షాద్‌నగర్ పోలీస్ స్టేషన్ చుట్టూ వేల మంది చేరి వాళ్ళను మాకు అప్పగించమన్నారు. బయటికి తీసుకెళ్ళే దారిలేక మేజిస్ట్రేటునే స్టేషనుకు రప్పించి రిమాండ్ చేయించారు. అక్కడి న్యాయవాదులు వాళ్ళ తరఫున వాదించబోమన్నారు. అలాంటి తీర్మానాలు చట్టవిరుద్ధమని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పి ఉంది. డిసెంబరు 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర ఆ నలుగురూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. "న్యాయం జరిగింది" అన్నారు.

ఈ మాట దగ్గర కాసేపు ఆగాలి. న్యాయం అన్న మాటను శాస్త్రకారులు "నీ" ధాతువుతో వివరిస్తారు. ఆ ధాతువుకు తీసుకువెళ్ళడం అని అర్థం. మనల్ని ఒక నిర్ణయానికి తీసుకువెళ్ళే దారి న్యాయం. అందుకే తర్కశాస్త్రానికీ ఆ పేరే ఉంది. దారి నడవకుండా చేరిన చోటుకు వేరే మాటలున్నాయి. పగ అనండి, కక్ష అనండి, ప్రతీకారం అనండి. న్యాయం అనకండి.

"ఎన్‌కౌంటర్" అన్న మాటలోనూ ఒక వింత ఉంది. దానికి మనం చేసుకున్న తెలుగు "ఎదురుకాల్పులు". అనుకోకుండా ఎదురుపడి, ఇరువైపులా కాల్చుకోవడం అని దాని అర్థం. అలాంటిది "జరగాలి" గానీ ఎవరూ "చేయలేరు". కానీ ఆ వారం జనం అడిగింది "ఎన్‌కౌంటర్ చెయ్యండి" అని. అకర్మక క్రియ సకర్మకం అయిపోయింది. తాము అడుగుతున్నది ఏమిటో ఆ వ్యాకరణమే చెప్పేస్తోంది. తర్వాత సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ 2022లో ఇచ్చిన నివేదిక కూడా, చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని, 10 మంది పోలీసులను విచారించాలని చెప్పింది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లేనని కూడా తేల్చింది. సుప్రీంకోర్టు ఆ నివేదికను తెలంగాణ హైకోర్టుకు పంపింది. ఒక్కటి మాత్రం ఇక ఎన్నటికీ జరగదు. ఆ అమ్మాయి కేసులో సాక్షులను పిలిచి, ఎవరు ఏం చేశారో ఒక్కొక్కటిగా తేల్చి, "దోషి" అన్న మాటను పలికే తీర్పు రాదు. ఆ నలుగురూ భాష ప్రకారం ఇప్పటికీ నిందితులే.

విచారణ జరిగే కేసుల్లోనూ ముందే పడిన ముద్ర హాని చేస్తుంది. సాక్షి నిందితుడిని మరికొందరి మధ్య నిలబెట్టి గుర్తించడానికి గుర్తింపు పెరేడ్ పెడతారు. అప్పటికే ఆ ముఖం వారం రోజులుగా టీవీలో కనిపిస్తుంటే, సాక్షి గుర్తుపట్టేది ఆ రాత్రి చూసిన మనిషినా, టీవీలో చూసిన ఫొటోనా? నిజమైన నేరస్థుడే అయినా, అతని లాయరు ఇదే పట్టుకుని బయటపడేయగలడు.

"నిప్పు లేందే పొగ రాదు" అని మీ గ్రూపులో ఎవరో ఒకరు అనే ఉంటారు. తర్కంలో అనుమానం అంటే కనిపించేదాన్ని బట్టి కనిపించనిదాన్ని తేల్చడం. దానికి చెప్పే ఉదాహరణ కూడా ఈ పొగా నిప్పే. అయితే తార్కికుడు ముందు అది పొగేనా, మంచా అని చూసుకుంటాడు. మనం వాడుకలో అనుమానాన్ని వట్టి శంకగా దించేసుకుని, ఆ శంకనే రుజువుగా వాడుతున్నాం.

2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో, ఒక హాస్టల్లో ఫార్మసీ చదివే అమ్మాయి హత్య జరిగింది. రాష్ట్రం భగ్గుమంది. ఎవరినో ఒకరిని త్వరగా చూపించాలన్న ఒత్తిడి పోలీసుల మీద పడింది. 2008లో ఒక పేద కుర్రాడిని పట్టుకున్నారు. 2010లో కింది కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు అతను నిర్దోషి అని చెప్పి, లక్ష రూపాయల పరిహారం ఇవ్వమంది. అప్పటికి అతను జైల్లో ఎనిమిదేళ్ళు గడిపాడు. "నిర్దోషి" అన్న ఆ మాటను రాసేటప్పుడు చాలామంది "బయటపడ్డాడు", "తప్పించుకున్నాడు" అని రాశారు, మాట్లాడారు. తప్పు చేసినవాడు తప్పించుకుంటాడు, చేయనివాడు విడుదలవుతాడు. 2018లో హైకోర్టు ఆ కేసును మొదటి నుంచి మళ్ళీ దర్యాప్తు చేయమని సీబీఐకి అప్పగించింది. తమ బిడ్డను చంపింది ఎవరన్న ప్రశ్నతో ఆ తల్లిదండ్రులు దాదాపు పదకొండేళ్ళ తర్వాత మళ్ళీ మొదటి రోజు దగ్గరే నిలబడ్డారు.