అమెరికా ఎన్నికల వార్తలు ఎవరు చూసినా మీడియా అవతలి పక్షమే అనిపిస్తుందెందుకు?

ట్రంప్ వైపు వాళ్లని అడిగితే మీడియా అంతా కమలా హారిస్ పార్టీ అయిన డెమొక్రాట్లదే అంటారు, కమలా హారిస్ వైపు వాళ్లని అడిగితే ట్రంప్‌ని మోసిందే మీడియా అంటారు, ఇద్దరూ చూసేది అవే వార్తలైనప్పుడు ఇదెలా అని కదా మీ ప్రశ్న. అది చదవగానే మా నాన్న, బాబాయి గుర్తొచ్చారు. మాది విజయవాడ, మా ఇంట్లో చూసింది చెప్తాను.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు నీళ్లు సింగ్ నగర్‌లో మా ఇంట్లోకి వచ్చేశాయి. కింద పోర్షన్ మునిగిపోతే రెండు రోజులు మేడ మీదే ఉండి, పడవలో బయటపడి పటమటలో బాబాయి వాళ్లింటికి చేరాం. డాలస్ నుంచి మా అక్క ఒకటే ఫోన్లు. "ఒక చానల్లో డ్రోన్లతో అన్నం పొట్లాలు దింపుతున్నారు, ఇంకోదాంట్లో జనం పాల ప్యాకెట్ కోసం నడుంలోతు నీళ్లలో నడుస్తున్నారు, ఏదిరా నిజం?" రెండూ నిజమే. కానీ మా వీధికి ఆ రెండు రోజులూ ఒక్క పొట్లం కూడా రాలేదు, అందుకని పొట్లాలు చూపించిన ఆ చానల్ని నాన్న ఇవాళ్టికీ నమ్మరు. పక్క వీధిలో అది నిజంగానే జరిగింది నాన్నా అంటే, "మరి మన వీధికి ఎందుకు రాలేదు కెమెరా?" అంటారు.

అలాంటి మనసుతో ఉన్నప్పుడే అధ్యక్ష ఎన్నికల ట్రంప్, కమల డిబేట్ వచ్చింది. ఫిలడెల్ఫియాలో సెప్టెంబరు 10 రాత్రి అంటే మనకి 11న ఉదయం ఆరున్నర. ఇంట్లో బురద ఎత్తడానికి వెళ్లేముందు కాఫీ తాగుతూ కూర్చున్నాం. అక్కది హెచ్-1బి ఉద్యోగ వీసా, ట్రంప్ వస్తే ఏమవుతుందో అని నాన్నకి టెన్షన్, కాబట్టి కమల గెలవాలి. బాబాయికి మొదటినుంచీ ట్రంప్ అంటే ఇష్టం. ఒహాయో రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వలస వచ్చినవాళ్లు ఊళ్లోవాళ్ల పెంపుడు కుక్కల్ని, పిల్లుల్ని తింటున్నారని ట్రంప్ అనగానే యాంకర్ డేవిడ్ మ్యూర్ అడ్డొచ్చి, ఆ ఊరి సిటీ మేనేజర్‌ని కనుక్కున్నామనీ, నమ్మదగ్గ ఫిర్యాదులేవీ లేవన్నారనీ చెప్పారు. బాబాయి గ్లాసు కింద పెట్టేసి, "చూశావా అన్నయ్యా, తప్పులు పట్టేది ఈయనకే, ఆవిడని ఒక్క మాట అనరు" అన్నాడు. నాన్న వెంటనే, "పట్టి ఏం లాభంరా, మళ్లీ మైకు ఆయనకే ఇస్తున్నారుగా!"

తర్వాత చూస్తే ఇద్దరి మాటలోనూ లెక్క ఉంది. యాంకర్లు సరిదిద్దింది ట్రంప్‌నే, మొత్తంగా ఎక్కువసేపు మాట్లాడిందీ ట్రంపే, దాదాపు ఐదు నిమిషాలు తేడా. ఎవరికి ఏది గుచ్చుకుంటే అదే లెక్కపెట్టుకున్నారు, రెండోది వాళ్ల చెవికి ఎక్కనేలేదు.

దీనిమీద స్టాన్‌ఫర్డ్‌లో పరిశోధన కూడా జరిగింది, 1985లో అచ్చయింది. 1982లో లెబనాన్ రాజధాని బీరూట్‌లో జరిగిన పాలస్తీనా శరణార్థుల ఊచకోత గురించి టీవీలో వచ్చిన ఒకే వార్తల్ని ఇజ్రాయెల్ వైపు మొగ్గే విద్యార్థులకీ, అరబ్బుల వైపు మొగ్గేవాళ్లకీ చూపిస్తే, ఇవి మాకు వ్యతిరేకంగా ఉన్నాయని రెండు వర్గాలూ అన్నాయి. నన్ను ఆలోచనలో పడేసిన సంగతి ఏంటంటే, విషయం బాగా తెలిసినవాళ్లకే పక్షపాతం ఇంకా ఎక్కువ కనిపించింది. రోజంతా వార్తలు చూసే మా నాన్నకీ బాబాయికీ ఇది సరిగ్గా సరిపోతుంది.

అలాగని మీడియాకి పక్షమే లేదని నేననను. అక్కడ కొన్ని పత్రికలు సంపాదకీయంలో ఫలానా వాళ్లకి ఓటెయ్యండని బాహాటంగానే రాస్తాయి, 2024లో న్యూయార్క్ టైమ్స్ హారిస్‌కి అలాగే రాసింది. ఇక్కడ టీ కొట్టు దగ్గర చేతిలో ఉన్న పేపర్ని బట్టే మనిషిది ఏ పార్టీయో చెప్పేస్తారు కదా, ఆ అలవాటుతోనే మనం అమెరికా వార్తలూ చూస్తాం.

ఇంకో అనుమానం మన ఎన్నికల పద్ధతి నుంచి వస్తుంది. "ఎన్నికల కమిషన్ చెప్పకుండా టీవీ వాళ్లు గెలిచాడని ఎలా చెప్తారు?" అని ఫలితాలు వస్తున్న నవంబరు 6న నాన్న చాలాసార్లు అడిగారు. మన ఎన్నికల కమిషన్‌లా దేశం మొత్తం ఫలితాలు ప్రకటించే సంస్థ అక్కడ లేదు, లెక్కింపు రాష్ట్రాలది, ముందుగా చెప్పేది వార్తా సంస్థలే. ట్రంప్ గెలిచాడని ఒక చానల్ మన టైము ప్రకారం మధ్యాహ్నం పన్నెండు దాటగానే చెప్పేస్తే, అసోసియేటెడ్ ప్రెస్ అనే వార్తా సంస్థ సాయంత్రం నాలుగింటిదాకా ఆగింది. వెనకబడ్డవాళ్లకి ఇక ఏ దారీ లేదని తేలేదాకా వాళ్లు చెప్పరు. బాబాయి దృష్టిలో మాత్రం అది కావాలని చేసిన ఆలస్యం.

ఆ రోజు మేం చూసినంతసేపూ మన చానళ్లలో ట్రంప్‌తో ఉపాధ్యక్షుడిగా పోటీచేసిన జె.డి. వాన్స్ భార్య ఉషా వాన్స్ పూర్వీకుల ఊరు వడ్లూరు, తమిళనాడులో కమల తాతగారి ఊరు తులసేంద్రపురం, ఇవే తిప్పి తిప్పి చూపించారు. నాన్న రిమోట్ పట్టుకుని ఒక్కో చానల్ మారుస్తూ, వీసాల సంగతి ఎవరైనా చెప్తారేమోనని వెతికారు. ఆ కోపం మాత్రం నాకూ న్యాయమే అనిపించింది. చివరికి టీవీ కట్టేసి అక్కకే ఫోన్ చేశారు, అప్పటికి అక్కడ ఇంకా తెల్లవారలేదు.