మూడు ఫ్రెట్ల దూరంలో కంట్రీ, బ్లూస్

ప్రశ్న: డాలస్ దగ్గర ఉంటాను, వయసు 38. ఏడాదిన్నరగా ఎలక్ట్రిక్ గిటార్ నేర్చుకుంటున్నాను. కార్డ్స్ (కలిపి మీటే స్వరాలు) బాగానే పడుతున్నాయి, మైనర్ పెంటటోనిక్ స్కేల్ (ఐదు స్వరాల వరస) కళ్ళు మూసుకుని పైకీ కిందికీ వాయిస్తాను. కానీ శుక్రవారం సాయంత్రం ఆఫీసు వాళ్ళతో కూర్చున్నప్పుడు ‘నువ్వొక సోలో వేసుకో’ అంటే టెన్షన్. బ్లూస్‌కి ఎలాగో నెట్టుకొస్తాను గానీ, కంట్రీ పాట మొదలైతే అదే స్కేల్ పెళ్ళిలో ఏడుపులా ఉంటోంది. ఇంకా ఎన్ని స్కేల్స్ నేర్చుకోవాలి? చిన్నప్పుడు రెండేళ్ళు కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను, అదేమైనా పనికొస్తుందా?
– పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: కొత్త స్కేల్ ఒక్కటి కూడా వద్దండీ, ఉన్నదాన్నే పక్కకి జరుపుదాం.

పాట ఎ (A) శ్రుతిలో ఉందనుకోండి. మీరు ఐదో ఫ్రెట్ (మెట్టు) దగ్గర వాయిస్తున్న ఆ బాక్స్‌ని, అంటే వేళ్ళు పడే చోట్ల అమరికని, ఉన్నదున్నట్టుగా మూడు ఫ్రెట్లు వెనక్కి, రెండో ఫ్రెట్ దగ్గరికి తెచ్చుకోండి. అంతే, అది ఎ మేజర్ పెంటటోనిక్ అయిపోయింది. వేళ్ళ వరస మారదు, షడ్జమం ఉండే చోటు మాత్రం మారుతుంది. ఇంతకుముందు ఆరో తీగ (అన్నిటికన్నా లావుది) మీద చూపుడు వేలి కింద ఉన్న ‘స’ ఇప్పుడు చిటికెన వేలి కిందికొస్తుంది. మీరు నేర్చుకున్న రెండేళ్ళు ఇక్కడ అక్కరకొస్తాయి: మొదటి బాక్స్ స్వరాలు శుద్ధ ధన్యాసివి, రెండోదానివి మోహనవి. నమ్మకం కుదరకపోతే ‘వరవీణా మృదుపాణి’ ఎత్తుకోండి. ఐదో తీగ నాలుగో ఫ్రెట్ రెండుసార్లు, నాలుగో తీగ రెండో ఫ్రెట్ రెండుసార్లు, అదే తీగ నాలుగో ఫ్రెట్, మళ్ళీ రెండో ఫ్రెట్, చివర మూడో తీగ రెండో ఫ్రెట్ రెండుసార్లు. గగ పాపా దప సాసా. టెక్సస్‌లో కూర్చుని గీతం వాయిస్తున్నట్టే, కంట్రీ సోలోకి కావలసిన స్వరాలన్నీ అందులోనే ఉన్నాయి.

మీ కంట్రీ పాట ఏడవడానికి కారణం ఒక్క గాంధారం. ఎ మేజర్ కార్డ్‌లో సి షార్ప్ ఉంటుంది, మీ మైనర్ బాక్స్‌లో సి ఉంది. కంట్రీలో ఆ రెండూ కొట్టుకుంటాయి. నేనూ మొదటిసారి నలుగురిలో వాయించినప్పుడు పాటంతా ఆ సి మీదే వాలుతూ కూర్చున్నాను, పాడుతున్నాయన వెనక్కి తిరిగి చూసిన చూపు ఇంకా గుర్తుంది. బ్లూస్‌లో మాత్రం ఆ కొట్లాటే రుచి. అసలు బ్లూస్ గాంధారం సి కాదు, సి షార్ప్ కూడా కాదు, ఆ రెంటి మధ్య సందులో ఉంటుంది. మూడో తీగ ఐదో ఫ్రెట్ మీటి, చూపుడు వేలితో తీగని రవ్వంత లాగి వదిలెయ్యండి, సి షార్ప్ దాకా పోనివ్వకండి. వీణ వాయించేవాళ్ళకి ఇది చెప్పాల్సిన పనే లేదు.

ఇక బెండ్, అంటే తీగని పక్కకి తోసి స్వరం పెంచడం. బ్లూస్ గిటారిస్టు బీబీ కింగ్ చెయ్యి వణికించే తీరు తన బంధువు బుకా వైట్ స్లైడ్ గిటార్ (తీగల మీద గొట్టం జార్చి వాయించేది) నాదాన్ని వేళ్ళతో పట్టుకోబోతే వచ్చింది. కంట్రీ వాళ్ళ బెండ్లు చాలావరకు పెడల్ స్టీల్ గిటార్‌ని (పెడళ్ళు తొక్కి స్వరాలు జార్చేది) అనుకరించబోతే వచ్చినవి. రెండు చోట్లా జారే నాదం కోసమే యావ, కానీ పద్ధతులు వేరు.

బ్లూస్ బెండ్ ఇలా: ముందు రెండో తీగ ఐదో ఫ్రెట్ మీటి వినండి, అది ఇ. ఇప్పుడు మూడో తీగ ఏడో ఫ్రెట్ మీద ఉంగరపు వేలు పెట్టి, వెనకాల మిగతా రెండు వేళ్ళూ దన్నుగా ఆనించి, ఆ ఇ వినిపించేదాకా తీగని తొయ్యండి. వేలితో తోస్తే రాదు, తాళంచెవి తిప్పినట్టు మణికట్టు తిరగాలి. కొత్తవాళ్ళలో నూటికి తొంభైమంది ఇ దాకా చేరకుండానే ఆగిపోతారు (లెక్క నాదే, ఎవరూ సర్వే చెయ్యలేదు). అందుకే ప్రతిసారీ రెండో తీగతో సరిచూసుకోవాలి.

కంట్రీ బెండ్‌కి రెండో ఫ్రెట్ బాక్స్‌కి రండి. మూడో తీగ నాలుగో ఫ్రెట్ మీద ఉంగరపు వేలు, రెండో తీగ ఐదో ఫ్రెట్ మీద చిటికెన వేలు. రెండూ కలిపి మీటండి, మూడో తీగని పిక్‌తో (మీటే బిళ్ళతో), రెండోదాన్ని కుడిచేతి మధ్య వేలితో. ఇప్పుడు మూడో తీగని మాత్రమే పైకి తొయ్యాలి, బి కాస్తా సి షార్ప్ అవ్వాలి, చిటికెన వేలు కింద ఉన్న ఇ అంగుళం కూడా కదలకూడదు. కుదిరిన రోజు మీ గిటార్ నుంచి పెడల్ స్టీల్ వినిపిస్తుంది. నాకు కుదరడానికి నెల పట్టింది, చిటికెన వేలు మాట వినేది కాదు.

ఇంక అసలు సమస్య. మీరు స్కేల్ వాయిస్తున్నారు, పాట వినట్లేదు. వెనకాల కార్డ్ మారిన క్షణంలో మీరు ఏ స్వరం మీద వాలారన్నదే సోలో, మధ్యలో ఎంత తిరిగినా ఎవరికీ పట్టదు. కంట్రీలో మూడు చోట్లు చాలు: ఎ కార్డ్‌కి రెండో తీగ రెండో ఫ్రెట్, డి కార్డ్‌కి మొదటి తీగ రెండో ఫ్రెట్, ఇ కార్డ్‌కి మూడో తీగ నాలుగో ఫ్రెట్. అన్నీ చేతి కిందే. వారం పాటు ఈ మూడు స్వరాలతోనే సోలో వాయించండి, విసుగొచ్చినా సరే.

బ్లూస్‌లో పన్నెండు బార్లు (బార్లు అంటే మా ఇంట్లో నవ్వుతారు, ఆవర్తాలనుకోండి): నాలుగు ఎ, రెండు డి, రెండు ఎ, ఒక ఇ, ఒక డి, మళ్ళీ రెండు ఎ. నాలుగేసి బార్లకి ఒక పాదం, పాడేవాడు ఇంచుమించు రెండు బార్లు పాడి ఆగితే మిగతా రెంటిలో గిటార్ జవాబు చెబుతుంది. బీబీ కింగ్ పాడుతూ వాయించేవాడు కాదు, పాడి ఆగి వాయించేవాడు. మీరూ రెండు బార్లు నోటితో కూనిరాగం తియ్యండి, తర్వాతి రెంటిలో అదే వేళ్ళతో చెప్పండి. పాడలేనిది వాయించకండి. ఊపిరి తీసుకోవాలి కాబట్టి ఖాళీలు వాటంతటవే వస్తాయి.

ప్రశ్న: నాది అకౌస్టిక్ గిటార్, 12 గేజ్ (మందం) తీగలు. బెండ్ చేస్తుంటే వేళ్ళు కోసుకుపోతున్నాయి. ఎలక్ట్రిక్ కొనాల్సిందేనా?
– విజయవాడ పాఠకురాలు

జవాబు: ఇప్పుడే వద్దమ్మా. ఆ సెట్‌లో మూడో తీగకి చుట్టు (పైన చుట్టిన సన్నతీగ) ఉంటుంది, దాన్ని పూర్తి స్వరం (రెండు ఫ్రెట్లంత) వంచడం ఎవరికైనా కష్టమే, తప్పు మీది కాదు. ఎలక్ట్రిక్ వాళ్ళు మామూలుగా 9 గేజో 10 గేజో వాడతారు, ఆ మూడో తీగకి చుట్టు ఉండదు. మీరు వంచే బదులు జారండి. మూడో తీగ మీద ఏడు నుంచి తొమ్మిదో ఫ్రెట్‌కి జారితే అదే డి నుంచి ఇ. గాంధారానికి అదే తీగ మీద ఐదో ఫ్రెట్ మీటి, ఆరో ఫ్రెట్ మీద వేలితో టక్కున కొట్టండి. కంట్రీకీ బ్లూస్‌కీ రెంటికీ పనికొస్తుంది. 1936, 37లలో బ్లూస్ గిటారిస్టు రాబర్ట్ జాన్సన్ చేసిన రికార్డులన్నీ అకౌస్టిక్ మీదే.

ప్రశ్న: ట్యాబ్ (ఏ తీగ, ఏ ఫ్రెట్ అని అంకెల్లో రాసింది) చూసి నేర్చుకోవాలా, విని నేర్చుకోవాలా?
– హనుమకొండ పాఠకుడు

జవాబు: విని. నాలుగు సెకన్ల ముక్క తీసుకుని, వేగం సగానికి తగ్గించి, ముందు పాడి, తర్వాత తీగ మీద వెతకండి. ట్యాబ్ చివర్లో సరిచూసుకోవడానికే. చాలా ట్యాబ్‌లలో తప్పులుంటాయి కూడా, రెండు ముక్కలు మీరే వెతికి పట్టుకున్నాక అవి మీకే కనిపిస్తాయి.